రికార్డు రూములో నలభై ముగ్గురు

మంగళవారం ఉదయం పదీ ఇరవైకి రికార్డు రూము తలుపు తెరిచిన సూపరింటెండెంట్ మంగతాయారు, ఎప్పుడో సవరించి పక్కన పెట్టేసిన పౌరులు నలభై ముగ్గురు లోపల ఇంకా ఉన్నారనీ, పైగా ఉప్మా తింటున్నారనీ కనుక్కుంది.

ఉప్మా తినడానికి నిబంధనల్లో అడ్డేమీ లేదు. ఉండటానికే ఉంది. రాయుడులంక పురపాలక సంఘంలో ఒక మనిషి వివరాల్లో సవరణ జరిగితే, సవరించిన కొత్త మనిషి ఇంటికి వెళ్తాడు; పాత మనిషి ఆ మధ్యాహ్నం మూడింటికల్లా లేకుండా పోతాడు. ఏడు నెలలుగా అలా పోతున్నారని మంగతాయారు ప్రతి నెలా మొదటి తారీకున సంతకం పెట్టి జిల్లాకి పంపుతోంది. ఇప్పుడు ఆ సంతకాలన్నీ కళ్లెదుట కూర్చుని రవ్వ నములుతున్నాయి.

ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నలభై మూడేనండి," అన్నాడు గుండిగ పక్కన గరిటెతో నిలబడ్డ మనిషి. "పొద్దున్నే రవ్వ కొలిచింది నేనే గదండీ. మీకూ ఓ ప్లేటు పెట్టమంటారా మేడం?"

"మీరు వీరరాఘవులు కదూ? వంట మేస్త్రి. మిమ్మల్ని మార్చిలోనే సవరించాం."

"ఆయ్. అప్పట్నించీ ఇక్కడే ఉన్నానండి."

మంగతాయారు తలుపు దగ్గరగా వేసి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. శనివారం ఆమె రిటైరవుతోంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆమె పేరు మీద ఒక్క మెమో లేదు. అసలు ఆమె పేరే ఆఫీసులో ఎవరి నోటా లేదు. అందరికీ ఆమె మేడమే.

ఈ పద్ధతి ఎలా మొదలైందో తెలియాలంటే టైపిస్టు సత్తిరాజు దగ్గరికి వెళ్లాలి. మేడిశెట్టి సత్తిరాజుకి యాభై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లుగా జనన మరణాల విభాగంలో టైపు కొడుతున్నాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా అతని చెయ్యి మాత్రం మిషను మీదే ఉండిపోయింది. అతను ఒక ధ్రువపత్రం కొడితే పక్క గదిలో గోడ గడియారం కదిలేది. కిందటేడు టైపిస్టు పోస్టులు తీసేస్తామనీ, ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నవాళ్లని మాత్రం ఉంచుతామనీ సర్క్యులర్ వచ్చింది. జిల్లా కేంద్రంలో ఆరు రోజుల శిక్షణ. తేలిక భాషల తరగతులన్నీ ముందే నిండిపోయాయి. ఆలస్యంగా వెళ్లిన సత్తిరాజుకి చోటు దొరికింది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ తరగతిలో. అందులో విద్యార్థి అతనొక్కడే. నేర్పే సుభాషిణి వయసు అతని సర్వీసు కంటే ఒక్క ఏడాది ఎక్కువ.

ఆరో రోజు సాయంత్రానికి సత్తిరాజు జీవితంలో మొదటి ప్రోగ్రాము రాశాడు. అరవై నాలుగు లైన్లు. దాని పని ఒకటే: పౌరుడి వివరాల్లో తప్పుంటే సరిచెయ్యడం. నడిచింది కూడా. కౌంటరు ముందు నిలబడ్డ మనిషిని నిలబడ్డచోటే మార్చేసి పంపించేది. కాకపోతే ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరి సవరణ ఇంకొకరికి తగిలేది. ఇంటి నంబరు మార్పించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరొకడు వెనకాల నిలబడ్డావిడ భర్త పేరు తగిలించుకుని వెళ్లాడు. మూడు రోజులపాటు ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు.

సత్తిరాజు ప్రోగ్రాముని సుభాషిణికి పంపాడు. ఆమె ఫోను చేసింది. సత్తిరాజు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నా సెక్షనంతటికీ వినపడుతుంది.

"నడుస్తోందండీ సత్తిరాజు గారూ, కాదనను. కానీ ఇది ప్రోగ్రాములా లేదు, మీ పాత టైపు కాగితంలా ఉంది. తప్పొచ్చిన చోటల్లా వైట్నర్ పూసి మళ్లీ కొట్టారు."

"ఇరవై ఆరేళ్లు అదే చేశామండి మరి."

"ఈ భాషలో వైట్నర్ లేదండి. ఒకసారి పుట్టింది పుట్టినట్టే ఉంటుంది. మార్పు కావాలంటే ఆ మార్పుతో కొత్తది తయారుచెయ్యాలి. పాతదాని జోలికి వెళ్లకూడదు."

"మరి పాతదాన్నేం చెయ్యమంటారు?"

"మీరేం చెయ్యక్కర్లేదు. దాన్నెవరూ పిలవకపోతే అదే పోతుంది."

సత్తిరాజు పుస్తకంలో రాసుకున్నాడు. సోమవారం నుంచి ప్రోగ్రాము ఎవరినీ మార్చలేదు. మార్పుతో సహా కొత్తవాళ్లని తయారుచేసింది. మొదటగా వచ్చినవాడు వంట మేస్త్రి పెంకే వీరరాఘవులు. ప్రభుత్వ వసతి గృహంలో వంటమనిషి ఉద్యోగానికి వయసు రెండేళ్లు ఎక్కువైంది. నిజానికి బళ్లో వేసేటప్పుడు వాళ్ల నాన్న రెండేళ్లు ఎక్కువ రాయించాడని వాదించి, కాగితాలు చూపించి, సవరణ చేయించుకున్నాడు. కౌంటరు దగ్గర ఇద్దరు వీరరాఘవులు తయారయ్యారు. రెండేళ్లు చిన్నవాడు రసీదు తీసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. పెద్దవాడు సైకిలు కోసం కాసేపు వెతుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు.

రెండో మెరుగు వరస గురించి. మొదటి ప్రోగ్రాము ఒకటో మనిషి, రెండో మనిషి అని లెక్కపెట్టుకుంటూ పోయేది. సుభాషిణి వద్దంది. "లెక్క మీకెందుకండీ? వరసలో ముందున్నవాళ్ల పని చూడండి. మిగిలిన వరసని మళ్లీ ఇదే ప్రోగ్రాము చేతిలో పెట్టండి. అది మళ్లీ ముందున్నవాళ్లని చూసి, మిగతాది మళ్లీ తనకే ఇచ్చుకుంటుంది." సత్తిరాజు అలాగే రాశాడు. వరస అయిపోతే ఏం చెయ్యాలో రాయడం మరిచిపోయాడు. ఆ గురువారం ఆఖరి మనిషి వెళ్లిపోయాక కూడా ప్రోగ్రాము తర్వాతివాళ్లని పిలుస్తూనే ఉంది. కౌంటరు మూయడానికి వీల్లేక, అటెండరుని 'ఎవరూ లేరు' హోదాలో వరసలో నిలబెట్టారు. ప్రోగ్రాము అతన్ని దరఖాస్తు అడిగింది, ఆధారం అడిగింది, రెండూ లేవంటే రేపు రమ్మంది. మర్నాడు సత్తిరాజు ఒక్క లైను చేర్చాడు: వరస ఖాళీ అయితే ఇంటికి పో. ఆ లైను సర్వీసు రూల్సులో కూడా ఉంటే ఎంత బావుండునని సెక్షనంతా అనుకుంది.

పాతవాళ్లు లేకుండా పోవడానికి కంప్యూటరు వాళ్ల భాషలో సుభాషిణి చెప్పిన అసలు పేరు చెత్త ఏరివేత. దానికి పారిశుద్ధ్య విభాగం అభ్యంతరం చెప్పింది. చెత్త తమ పరిధిలోదనీ, తమకి తెలియకుండా ఊళ్లో ఎవరూ చెత్త ఏరడానికి వీల్లేదనీ రాసింది. దాంతో 'పూర్వ పౌరుల సహజ విరమణ' అని పేరు మార్చి ఉత్తర్వు ఇచ్చారు. విరమణ శబ్దం లేకుండా జరిగేది. మధ్యాహ్నం మూడు కొట్టేసరికి బెంచీ ఖాళీ. చెప్పులు కూడా మిగిలేవి కావు.

కమిషనరు గారికి ప్రోగ్రాము బాగా నచ్చింది. సత్తిరాజుని మేడ మీద తన గది పక్కనే కూర్చోబెట్టుకున్నారు. అయినా సత్తిరాజు కింద సెక్షనుకి రావడం మానలేదు. పది గంటలకి పాత కుర్చీలో కనిపించేవాడు, పావు తక్కువ మూడుకి మంగతాయారుకి స్వయంగా టీ తెచ్చేవాడు. తలుపు దగ్గర నిలబడి ఊరికే దగ్గేవాడు. "ఎవరూ, సత్తిరాజా? లోపలికి రా," అంటే గానీ అడుగు కదిపేవాడు కాదు. ఆదివారాలు కూడా ఆమె ఇంటికి ఫోను చేసి స్టాంపు ప్యాడు ఎక్కడుందనో, కార్బను కాగితాలు అయిపోయాయనో చెప్పేవాడు. "కార్బను కాగితాలు పోయి పదేళ్లయింది సత్తిరాజూ, ఫోను పెట్టెయ్," అని ఆమె విసుక్కుంటే, "ఆయ్, చాలండి," అని సంతోషంగా పెట్టేసేవాడు. ఒకే మనిషి రెండు చోట్ల ఉండటం మునిసిపాలిటీలో కొత్త కాదు. ఎక్కడా లేకపోవడం అసలే కొత్త కాదు. మెట్లెక్కి దిగడం వల్ల ఒళ్లు తగ్గుతోందని ఆమె అతన్ని ఒకసారి మెచ్చుకుంది కూడా.

మంగళవారం మధ్యాహ్నానికి ఉప్మా సంగతి మేడ మీదికి చేరింది. కమిషనరు గారు ఆశ్చర్యపోలేదు.

"నలభై ముగ్గురు ఎక్కువున్నారా? అందుకా కంప్యూటరు అలా ఈడుస్తోంది! దాని జ్ఞాపకంలో ఇంతమంది తిష్ట వేస్తే అదేం చేస్తుంది? ఎవరో రోజూ వీళ్లని పేరు పెట్టి పిలుస్తున్నారు మేడం. లేకపోతే నిలబడరు. ఎవరో కనుక్కోండి. శనివారం మూడింటికి ఆ పేరు నా బల్ల మీద ఉండాలి. నాలుక్కి మీ సన్మానం. పేరు రాకపోతే సన్మానం జరుగుతుంది, పెన్షన్ కాగితాలు కదలవు."

"వాళ్లనేం చెయ్యమంటారు సార్?"

"మూడు కొట్టాక రికార్డు రూముకి సీలు. పిలిచేవాడు లోపలికి వెళ్లలేకపోతే ఆదివారం వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు."

మంగతాయారు దర్యాప్తు మొదలుపెట్టింది. బుధవారం ఆమెకి మొదటి అనుమానితురాలు దొరికింది. వీరరాఘవులు భార్య నాగరత్నం కారేజీ పట్టుకుని రికార్డు రూము గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమ్మా, రోజూ వస్తున్నావా?"

"రోజూ కాదండి. ఉప్మా తినాలనిపించినప్పుడు. ఇంట్లో ఉన్నాయన హాస్టల్లో చేరాక డ్యూటీ దిగి గరిటె ముట్టుకోనంటున్నారు. నోటికి రుచిగా కావాలంటే ఇక్కడికే రావాలండి."

"వచ్చి పేరు పెట్టి పిలుస్తావా?"

నాగరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అయ్యబాబోయ్, అదేం మాటండీ! ఆయన పేరు నేనెలా ఎత్తుతాను?"

"ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదా?"

"ముప్పై నాలుగండి. పెళ్లయ్యాక గడప దగ్గర పేరు చెప్పమని ఆడబిడ్డ అడ్డం నిలబడితే చీకటి పడేదాకా బయటే నిలబడ్డాను. ఆఖరికి ఆవిడే చెప్పి ఆవిడే దారిచ్చింది. ఓట్లప్పుడు కూడా లిస్టులో వేలు పెట్టి చూపిస్తానండి."

"మరి పిలవాలంటే?"

"ఇదిగో, ఇటు చూడండి అంటాను." లోపల గరిటె తిప్పుతున్న వీరరాఘవులు చటుక్కున ఇటు చూశాడు. "చూశారా? చాలదాండీ?"

ఇంటికి చాలు. నిబంధనకి చాలదు. పూర్వ పౌరుణ్ణి పేరు పెట్టి, ఆ మనిషినే ఉద్దేశించి పిలవాలి. ముప్పై నాలుగేళ్ల కాపురం లెక్కలోకి రాదని మంగతాయారు ఫైల్లో రాసి, నాగరత్నం పేరు కొట్టేసింది. ఆ లెక్కన ఊళ్లో భార్యలెవరి మీదా అనుమానపడక్కర్లేదు. దర్యాప్తు ఒక్కసారిగా సగమైపోయింది.

గురువారం ఆమె నలభై ముగ్గురినీ కూర్చోబెట్టి సూటిగా అడిగింది. "మీలో మీరే పిలుచుకుంటున్నారా?"

"పిలుచుకుంటామండి," అన్నారు అందరూ ఒకేసారి. దాచాలన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు.

ఆమె సుభాషిణికి ఫోను చేసింది. సుభాషిణి ఓపిగ్గా చెప్పింది. "వాళ్లలో వాళ్లు పిలుచుకుంటే లెక్క కాదు మేడం. ఉత్త గుండ్రం అది. జీతాల పట్టీలో ఉన్నవాళ్లు ఒకరు పిలవాలి. ఆ పిలిపించుకున్నవాళ్లు ఇంకొకరిని పిలిచినా ఫరవాలేదు. గొలుసు ఎంత పొడుగైనా ఉండొచ్చు, ఒక కొస మాత్రం పట్టీలో ఉన్నవాళ్ల చేతికి తగులుకోవాలి."

"ప్రోగ్రాములో ఏమైనా తప్పుందేమో చూశావా అమ్మా?"

"నిన్ననే మొత్తం చదివాను మేడం. ముచ్చటేసింది. అరవై నాలుగు లైన్లు ఇరవై మూడయ్యాయి. మొదట్లో నేనేది చెప్పినా ఆయన పుస్తకంలో రాసుకునేవారు, అర్థమైందో లేదో తెలిసేది కాదు. ఇప్పుడు నా పిల్లలకి అదే చూపిస్తున్నా. పరీక్షించడానికి కూడా ఆయన సొంత వివరాలే వాడుకున్నట్టున్నారు. మంచి పద్ధతి. మనకి బాగా తెలిసిన మనిషైతే తేడా వెంటనే కనిపెడతాం కదా."

మంగతాయారు ఆ ఆఖరి మాట వినలేదు. జీతాల పట్టీ తీసి, అందులోని అరవై ఒక్క పేర్లలో ఎవరు పొద్దున్నే వస్తారా అని చూస్తోంది. పొద్దున్నే వచ్చేవాళ్లెవరూ లేరు. మిగిలిన దారి ఒకటే.

శుక్రవారం తొమ్మిదీ పావుకి ఆమె రికార్డు రూములో ఇంటిపన్ను రిజిస్టర్ల ర్యాక్ వెనకాల ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. దుమ్ముకి తుమ్ము వచ్చింది. కొంగుతో ముక్కు గట్టిగా పట్టుకుంది. తొమ్మిదిన్నరకి తలుపు చప్పుడైంది. అడుగులు వచ్చి ఆగాయి. కాగితం విప్పిన చప్పుడు. తర్వాత బళ్లో హాజరు వేసినట్టుగా ఒక గొంతు.

"అక్కిరెడ్డి సూర్యకాంతం."

"ఉన్నానండి."

"చోడిశెట్టి పల్లాలు."

"ఉన్నా."

"పెంకే వీరరాఘవులు."

"ఉన్నా బాబూ. నిన్న ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందండి. కరివేపాకే తగ్గింది."

ఆ గొంతు మంగతాయారుకి బాగా తెలుసు. సత్తిరాజుది. ఆమె లేవబోయింది. సరిగ్గా అప్పుడే పైనున్న వెంటిలేటరులోంచి కమిషనరు గారి మాట వినపడింది: "సత్తిరాజు గారూ, ఒక్కసారి ఇలా రండి." మేడ మీంచి సత్తిరాజు గొంతే "వస్తున్నా సార్" అంది. కింద సత్తిరాజు గొంతు ఆగకుండా పేర్లు చదువుతూనే ఉంది.

మంగతాయారు మళ్లీ పీట మీద కూర్చుంది. నలభై మూడు పేర్లూ అయ్యాయి. తర్వాత అదే గొంతు, బాగా తగ్గించి, "మేడిశెట్టి సత్తిరాజు" అంది. ఎవరూ పలకలేదు. చదివినవాడే "ఉన్నానండి" అనుకుని కాగితం మడిచి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం టీ వచ్చినప్పుడు ఆమె నోటి నుంచి అలవాటు కొద్దీ "పెట్టు సత్తిరాజూ" అనే వచ్చింది. తర్వాత మళ్లీ అతనితో మాట్లాడలేదు.

శనివారం. హాల్లో కుర్చీలు వేస్తున్నారు. శాలువా వచ్చింది. దండ ఇంకా రాలేదు. మంగతాయారు బల్ల మీద రిపోర్టు ఉంది. నాలుగు పేజీలు, అన్ని గళ్లూ నిండాయి, ఒకటి తప్ప. 'బాధ్యుని పేరు, హోదా' అన్న చోట ఖాళీ. రాయాలంటే ఏ సత్తిరాజుని రాయాలో ఆమెకి తేలలేదు. పొద్దుట్నుంచీ సత్తిరాజు ఏదో వంకన నాలుగుసార్లు గుమ్మం దగ్గర దగ్గాడు. ఆమె తల ఎత్తలేదు.

పావు తక్కువ మూడుకి అయిదోసారి దగ్గు వినపడింది.

"టీ అండి మేడం."

"అక్కడ పెట్టు."

అతను పెట్టాడు. వెళ్లలేదు. గోడ గడియారం చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్లీ గడియారం చూశాడు. అతని జేబులో పెన్ను కొంచెం మసకగా కనిపించింది. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. పెన్ను అలాగే ఉంది. జేబు కూడా.

"నిన్న పొద్దున్న ర్యాక్ వెనకాల నేనున్నాను," అంది మంగతాయారు. "కూర్చో. చెప్పు."

అతను కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, తడబడకుండా చెప్పాడు.

"నేనేనండి మేడం చేసింది. ఇంకెవరికీ ఇందులో భాగం లేదు. ఏప్రిల్లో ప్రోగ్రాము మెరుగుపరిచాక, బాగా తెలిసిన మనిషి మీద పెట్టి చూసుకోమన్నారు సుభాషిణి గారు. నాకు బాగా తెలిసినవాణ్ణి నేనే గదండీ. హోదా దగ్గర టైపిస్టు తీసి ప్రోగ్రామరు అని పెట్టి నొక్కాను. ప్రోగ్రాము తప్పు చెయ్యలేదండి. ప్రోగ్రామరు సత్తిరాజు తయారై లేచి మేడ మీదికెళ్లాడు. టైపిస్టు సత్తిరాజు కుర్చీలో మిగిలాడు. అది నేనండి. జీతం ఆయనకొస్తుంది, సాయంత్రం ఇంటికి కూడా ఆయనే వెళ్తాడు. మా ఆవిడ అప్పుడప్పుడు ఫోను చేసి తిన్నారా అని అడుగుతుంది. అడుగుతుంది గానీ, పేరెత్తదు గదండీ.

ఆ రోజు మూడింటికి పోవాల్సినవాణ్ణి. పది నిమిషాల తక్కువకి మీరు ఇక్కణ్ణించి కేకేశారు, 'సత్తిరాజూ, ఆ డెత్ సర్టిఫికెట్ కొట్టడం అయిందా' అని. మూడైంది, మూడూ పదైంది, నేను పోలేదు. అప్పుడు తెలిసిందండి, నన్ను నిలబెట్టేది మీ పిలుపని. మర్నాటి నుంచి టీ పట్టుకొచ్చేది అందుకే. ఆదివారం ఫోన్లు కూడా. మీకు విసుగని తెలుసు. కార్బను కాగితాలు లేవని నాకూ తెలుసండి.

నేను ఒక్కణ్ణీ ఉండిపోతే గొడవే ఉండేది కాదు. మార్చిలో బెంచీ మీద వీరరాఘవులు గారు కూర్చుని 'మా సైకిలు చూశావా బాబూ' అని అడిగారు. ఆయన్ని బతిమాలి రికార్డు రూములో కూర్చోబెట్టాను. నా సంగతి జరిగేటప్పటికి నెలరోజులుగా ఆయన్ని అక్కడే పలకరిస్తున్నా లెండి, మనసొప్పక. నేను పట్టీలో ఉన్నన్నాళ్లూ నా పలకరింపే సరిపోయింది. తర్వాత మీరు నన్ను పిలిస్తే నేను వాళ్లని పిలిచాను. గొలుసు సరిపోయింది. నెలకి ఆరుగురూ ఏడుగురూ చేరి నలభై మూడైంది. నా పేరు కూడా ఆఖర్న చదువుకునేవాణ్ణి. మన పేరు మనం పిలుచుకుంటే లెక్కలోకి రాదని తెలుసు. అయినా హాజరు పూర్తి కావాలి గదండీ.

రేపట్నుంచి మీరుండరు. మిగతావాళ్లు నా పేరెందుకు పిలుస్తారు? పనిచేసేవాణ్ణి ఆఫీసులో ఎవరూ పేరు పెట్టి వెతకరండి. అదే సస్పెండైనవాడైతే, రోజూ వచ్చాడా లేదా అని పేరు పిలిచి మరీ సంతకం తీసుకుంటారు. ఊరు దాటలేదని ఆదివారం కూడా వాచ్‌మన్ చూసుకోవాలి. ఎంక్వైరీ మన దగ్గర ఎప్పుడు అయిందండీ? కుళాయి పైపుల కేసు మొదలైనప్పుడు నాకు ఇంకా మీసం నల్లగా ఉంది. అందుకని ఒప్పుకుంటున్నా. గట్టిగా రాయండి, కరుణ చూపించకండి. టైపిస్టు అని రాయండి. ప్రోగ్రామరు అని పడిందంటే మేడ మీదాయన ఉద్యోగం పోతుంది. మంచివాడండి ఆయన, ఎంతైనా నేనే గదా. నలభై ముగ్గురినీ సాక్షులుగా వెయ్యండి. సాక్షులున్న గదికి సీలు వెయ్యడానికి లేదు. సాక్షుల్లో మొదట మీ పేరు రాసుకోండి. సోమవారం నుంచి మీరూ పట్టీలో ఉండరు. మిమ్మల్ని మేడం అనడమే గానీ పేరు పెట్టి పిలిచినవాళ్లని ఇరవై ఆరేళ్లలో నేను చూళ్లేదు. విచారణ ఉన్నన్నాళ్లూ మీ పేరు కూడా పిలుస్తారు, మంచిదండి, ఉంచుకోండి.

మూడవడానికి నాలుగు నిమిషాలుంది. ఒప్పుకున్నవాడి వాంగ్మూలం రాశాక పేరుతో సహా వాడికి పైకి చదివి వినిపించాలని రూలు ఉందండి. ఆ ఖాళీలో రాసి, ఒక్కసారి చదవండి మేడం."